చిన్న పోటీల టెన్నిసు ఆటగాండ్రు

2010 అక్టోబరులో స్పెయిను దేశపు రాఫెల్ నడాల్ మన యనంతపురమునకు స్వయముగా వచ్చి, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారితోఁ గూడి టెన్నిసు పాఠశాలను బ్రారంభించెను. వేరుసెనగ చేలనడుమఁ బెరిగిన బాలబాలికలు అచ్చట ఆటతోఁబాటు ఇంగ్లీషును, కంప్యూటరును నేర్చిరి. ఆటనే వృత్తిగాఁ గైకొనఁ గోరువారి త్రోవ యెట్టిదో యించుక వివరింతుము.

అందు మొదటి మెట్టు అంతర్జాతీయ టెన్నిసు సమాఖ్యవారి చిన్న పోటీ. అచ్చటి బహుమాన ధనము మొత్తము 15,000 డాలర్లే. అది విజేత కొక్కనికే గాక, సాధారణముగా 32 మందికిని, జంటల యాటవారికిని బంచఁబడును. తొలి యాటలోనే యోడినవానికి 200 డాలర్లైనఁ జిక్కవు. రైలు, బస, భోజనము, రాకెట్టు తీగెలు అన్నియుఁ దన ఖర్చే. తండ్రి యప్పు చేయక తప్పని యిండ్లును గలవు.

మఱి యేల పోవుదురు? ప్రపంచ క్రమములోఁ బేరెక్కించు పాయింట్ల కొఱకు. అవియును 52 వారములే నిలిచి రాలిపోవును. గాయపడి యింటఁ గూర్చున్నవానికిఁ గ్రమము దిగజాఱును. పోయిన యేటి పంట యీ యేటి యాఁకలి తీర్పదని మన రైతుల కెవ్వరుఁ జెప్పనక్కఱలేదు గదా!

ఉయ్యూరువాఁడగు సాకేత్ మైనేని యిట్టి పోటీలలోనే యేండ్లు గడపెను. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడలలో సానియా మీర్జాతోఁ గలసి స్వర్ణపతకము నందియు, అర్హత పోటీలలో మూఁడాటలు గెలిచి యమెరికా ఓపెను ప్రధాన పోటీలోఁ బ్రవేశించుట 2016లోఁ గాని సాధ్యపడలేదు. అప్పటి కాతనికి 28 యేండ్లు.