ఫోను గంట మ్రోగింది, వాక్యము చదివామా?

కొంతకాలం క్రితం మా సంఘ యౌవనస్థులు పెద్దల కమిటీ ముందుకు ఒక కోరిక తెచ్చారు. మన సంఘానికి ఒక మొబైల్ యాప్ కావాలి, అందులో ప్రతి ఉదయం ఒక వాక్యభాగము, ప్రార్థన మనవులు, కూడికల సమయాలు, ఆదివారపు ప్రసంగాలు ఉండాలి అన్నారు. తయారు చేయగల పిల్లలు మనలోనే ఉన్నారు, ఖర్చు కూడా పెద్దగా కాదు అన్నారు. అందరమూ సంతోషించాము. అప్పుడు వెనుక కూర్చున్న ఒక పెద్దాయన మెల్లగా అడిగారు: "బాబూ, ప్రారంభం రోజున అయ్యగారు ప్రార్థన చేస్తారు, అందరి ఫోన్లలో వేయిస్తాము. బాగానే ఉంది. ఆరు నెలల తర్వాత దాన్ని తెరిచేది ఎవరు?"

ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము. ఆ జవాబు వెదుకుతూ మేము తెలుసుకున్న సంగతులను, మాకు ఎదురైన ఒక అనుభవమును ప్రియ పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసము వ్రాస్తున్నాము.

ఒక సంఘము ప్రారంభించిన యాప్

అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రములో లైఫ్ చర్చ్ అనే సంఘము ఉంది. అందులో పరిచర్య చేస్తున్న బాబీ గ్రూనెవాల్డ్‌కు 2006లో ఒక తలంపు కలిగింది. షికాగో విమానాశ్రయములో తనిఖీ కోసం వరుసలో నిలబడి ఉండగా, నేటి సాంకేతిక సాధనాలతో ప్రజలు బైబిలును మరింతగా చదివేలా చేయలేమా అని ఆయన ఆలోచించారు. 2007లో యూవెర్షన్ అనే వెబ్‌సైటును ప్రారంభించారు. అది ఆశించినంతగా సాగలేదు. అయితే అదే వాక్యము చేతిలోని ఫోనులోకి వచ్చినప్పుడు మనుష్యులు ఎక్కువగా చదువుతున్నారని వారు గమనించారు.

2008 జూలైలో ఆపిల్ సంస్థ తన యాప్ స్టోర్‌ను తెరిచిన రోజునే వారి బైబిల్ యాప్ కూడా అందులో ఉచితంగా వెలువడింది. మొదటి మూడు రోజులలో సుమారు 83,000 ఫోన్లలోకి చేరింది. 2013 నాటికి 10 కోట్లు, 2021 నవంబరు నాటికి 50 కోట్లు దాటింది. మన తెలుగు బైబిలు కూడా అందులో ఉంది.

ఇది ఆనందించదగిన సంగతే. కాని ఫోనులో చేరినవన్నీ చదివినవి కావు. మన ఇండ్లలో బీరువా మీద దుమ్ము పట్టిన బైబిళ్ళు ఉన్నట్టే ఫోనులో ఒక మూల తెరువని యాప్‌లు ఉంటాయి.

తెరిచినవారిని నిలిపేది ఏమిటి?

ఈ విషయమును పరిశీలించిన వారిలో నిర్ ఇయాల్ అనే రచయిత ఒకరు. 2014లో వెలువడిన 'హుక్డ్' అనే పుస్తకములో ఆయన ఈ బైబిల్ యాప్‌ను ఒక ఉదాహరణగా తీసుకున్నారు. ఒక యాప్ మనకు అలవాటుగా మారడానికి నాలుగు మెట్లు ఉన్నాయని ఆయన వివరిస్తారు. మొదట ఏదో ఒకటి మనలను పిలవాలి. పిలుపు విన్న తర్వాత చేయవలసిన పని చాలా సులువుగా ఉండాలి. చేసినవారికి ఒక ప్రతిఫలము దొరకాలి, అది రోజూ ఒకే విధముగా ఉండకూడదు. చివరగా, మనము కూడా అందులో మనదైనది కొంత పెట్టాలి.

బైబిల్ యాప్‌లో ఇవన్నీ ఉన్నాయి. సమయానికి గంట మ్రోగుతుంది. పెద్ద గ్రంథమును చిన్న చిన్న దినభాగాలుగా విడదీసిన పఠన ప్రణాళికలు ఉన్నాయి. నేటి వచనము ఏమై ఉంటుందోనని తెరిచి చూస్తాము. నచ్చిన వచనానికి రంగు వేసి దాచుకుంటాము. ఎన్ని రోజులు వరుసగా తెరిచామో అది లెక్క చూపిస్తుంది.

ఇందులో తప్పేమీ లేదు. మన పెద్దలు తెల్లవారుజామున గుడి గంట వింటే లేచేవారు. గంట అవసరమే. ప్రమాదమల్లా గంట విని లేచినదే ప్రార్థన అనుకోవడములో ఉంది.

1842 నాటి హెచ్చరిక

ఈ ప్రమాదము సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. స్కాట్లాండ్‌లోని డండీ పట్టణములో రాబర్ట్ మర్రే మెక్‌షెయిన్ అనే యౌవన కాపరి ఉండేవారు. ఆయన 1842 చివరిలో తన సంఘ విశ్వాసుల కొరకు ఒక పఠన పట్టికను తయారు చేశారు. దాని ప్రకారము చదివితే ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, క్రొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు పూర్తవుతాయి. కొన్ని నెలలకే, 1843 మార్చిలో, 29 ఏళ్ళ వయస్సులో ఆయన ప్రభువునందు నిద్రించారు. ఆ పట్టికను నేటికీ అనేకులు వాడుతున్నారు.

మనము గమనించవలసినది ఏమిటంటే, దాని వలన కలుగగల కీడును కూడా ఆయన ముందే వ్రాసి ఇచ్చారు. చదవడము ఒక ఆచారముగా మారిపోవచ్చు. నేటి భాగము ముగించానన్న స్వనీతి కలుగవచ్చు. అజాగ్రత్తగా చదివి దాటిపోవచ్చు. కొందరికి అది మోయలేని కాడి కావచ్చు. ఫోను అనే మాట ఎవరూ ఎరుగని దినములలో ఒక కాపరి చెప్పిన ఈ నాలుగు మాటలు మా ఫోను గురించే చెప్పినట్లున్నాయి.

ఆసుపత్రిలో ఒక రాత్రి

ఆ మాట ఎందుకు అంటున్నామో చెప్పాలి. మేము కూడా వరుసగా 200 రోజులకు పైగా బైబిల్ యాప్‌ను తెరిచి, ఆ లెక్క చూసుకొని లోలోపల మురిసిపోయినవారమే. ఒక రాత్రి మా అమ్మగారిని ఆసుపత్రిలో చేర్చి ఆమె మంచము ప్రక్కనే ఉన్నాము. పన్నెండు కావడానికి పది నిమిషాలు ఉందనగా ఆ దినపు లెక్క గుర్తుకు వచ్చింది. ఆత్రముగా ఫోను తీసి, యాప్ తెరిచి, చివరివరకు వేలితో జరిపి మూసివేశాము. అర నిమిషము కూడా పట్టలేదు.

అమ్మ నిద్రపోలేదు. "బైబిలేనా నాయనా? ఏం చదివావు? నాకూ చెప్పు" అని అడిగింది.

ఒక్క మాట కూడా గుర్తు లేదు. ఆ రాత్రి కలిగిన సిగ్గు ఇప్పటికీ మరచిపోలేదు. తప్పు యాప్‌ది కాదు, మాదే.

మరునాడు ఇంటినుండి అమ్మగారి పాత బైబిలు తెప్పించి, 103వ కీర్తనను ఆమె చెవి దగ్గర బిగ్గరగా చదివాము. ఆమె కొన్ని మాటలను మాకంటె ముందే పలికింది. ఆ దినము ఫోను తెరువనే లేదు. దానిలో మా లెక్క సున్నాకు వచ్చింది. నిజానికి అన్ని రోజులలో మేము వాక్యము చదివిన దినము అదే.

మా సంఘము తీసుకున్న నిర్ణయము

ఈ సంగతిని కమిటీలో దాచకుండా చెప్పాము. యౌవనస్థులు శ్రద్ధగా విన్నారు. యాప్ వద్దని ఎవరూ అనలేదు. దానిని ఎలా నడపాలో మాత్రము కొన్ని మాటలు అనుకున్నాము.

రోజుకు ఒక్క గంట మాత్రమే మ్రోగాలి. అదీ ఆ కుటుంబము కూడి ప్రార్థించుకొనే సమయానికి. వాక్యభాగము చివర ఇంట్లో ఒకరినొకరు అడుగుకొనే ఒక ప్రశ్న ఉండాలి. ఎవరు ఎన్ని రోజులు చదివారనే లెక్క చూపించకూడదు. రోగుల పేర్లను వారి అనుమతి లేకుండా ప్రార్థన మనవులలో పెట్టకూడదు. పాత ప్రకటనలను తీసివేసి క్రొత్తవి పెట్టే బాధ్యత ఇద్దరికి అప్పగించాలి, ఎందుకంటే పోయిన నెల ప్రకటన కనబడిన చోటికి ఎవరూ మళ్ళీ రారు. అలాంటి ఫోను లేని తల్లులకు అదే వాక్యభాగము అచ్చు కాగితము మీద అందాలి.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో ఐతియోపీయుడు ప్రయాణము చేస్తూనే రథములో యెషయా గ్రంథమును చదువుచున్నాడు. గ్రంథము చేతిలో ఉంది, చదువుతున్నాడు కూడా. అయినను ఫిలిప్పు వెళ్ళి, చదివినది గ్రహించావా అని విచారించి, ప్రక్కన కూర్చున్న తరువాతనే అతని జీవితము మారింది.

ఆ పెద్దాయన ప్రశ్నకు మాకు దొరికిన జవాబు ఇదే. చదివినది చెప్పమని అడిగే మనిషి ఇంట్లో ఉన్నవారు ఆరు నెలల తర్వాత కూడా తెరుస్తారు. యాప్ తయారు చేయడము మా పిల్లల వంతు. అడగడము మన వంతు. ఈ రాత్రి భోజనాలు అయిన తరువాత మీ ఇంటిలో ఒకరినైనా అడగండి: "ఈరోజు ఏం చదివావు? నాకూ చెప్పు."