మూసిన కిటికీల వెనక

పోపులో ఎండుమిర్చి కాస్త మాడితే ముందు దగ్గేది పొయ్యి దగ్గరున్న మనిషి. నిమిషం తిరక్కుండానే హాల్లో పేపరు చదువుతున్నాయన తుమ్ముతాడు. ఇంకాసేపటికి లోపలి గదిలో తలుపు ఓరగా వేసుకుని చదువుకుంటున్న పిల్ల కూడా ఉక్కిరిబిక్కిరై బయటికొస్తుంది. ఎవరో ఒకరు లేచి కిటికీలన్నీ తీసేస్తారు. ఘాటు ఆరడుగుల దగ్గర ఆగిపోతుందని ఆ ఇంట్లో ఎవరూ అనుకోరు.

జలుబు చేసిన మనిషి ఊపిరి విషయంలో ఈపాటి ఇంగితం వైద్యలోకానికి రావడానికి మాత్రం దాదాపు వందేళ్లు పట్టింది.

2020 మార్చి 10 సాయంత్రం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, మౌంట్ వెర్నన్ పట్టణం. స్కాజిట్ వ్యాలీ కొరాల్ అనే బృందగాన సంఘం వాళ్లు 61 మంది సాధనకు కూడారు. కొవిడ్ భయం అప్పటికే మొదలైంది కాబట్టి గుమ్మం దగ్గర శానిటైజర్ పెట్టారు, కరచాలనాలూ కౌగిలింతలూ మానుకున్నారు. వాళ్లలో ఒకరికి జలుబు లక్షణాలున్నాయి. రెండున్నర గంటలు పాడుకుని ఇళ్లకు వెళ్లారు. తర్వాతి రోజుల్లో అనుమానిత కేసులతో కలిపి 53 మంది జబ్బుపడ్డారు. ఇద్దరు చనిపోయారు. ఆ హాలు కొలతలూ గాలి లెక్కలూ తీసుకుని పరిశీలించిన శాస్త్రవేత్తలు చివరికి వేలు చూపింది అందరూ కలిసి పీల్చిన గాలినే.

దగ్గు, తుమ్ము దాకా అక్కర్లేదు. ఊపిరి వదిలినప్పుడు ఊపిరితిత్తుల్లోని అతి సన్నని గొట్టాల గోడలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. పీల్చినప్పుడు విడివడతాయి. అప్పుడు మధ్యనున్న తేమ పొర చిట్లి కంటికి కనిపించని తుంపరవుతుంది. మరుసటి ఊపిరితో అది బయటికొస్తుంది. మాట్లాడితే ఎక్కువ, గొంతెత్తి పాడితే ఇంకా ఎక్కువ. మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రాన్. వంద మైక్రాన్ల తుంపర మనిషి నోటి ఎత్తు నుంచి కొన్ని సెకన్లలోనే నేల మీద పడుతుంది. ఐదు మైక్రాన్లదైతే అరగంటకు పైగా తేలుతూ ఉంటుంది. గాలి కదలని గదిలో ఒక మైక్రాన్ కణం కిందికి దిగడానికి దాదాపు పన్నెండు గంటలు కావాలి. తట్టు సోకిన పిల్లవాడు గది విడిచి వెళ్లిన రెండు గంటల దాకా అక్కడి గాలి మరొకరికి ఆ జబ్బు అంటించగలదు.

మరి ఇంత కాలం ఎందుకు పట్టింది? 1910లో చార్లెస్ చేపిన్ అనే అమెరికన్ ప్రజారోగ్య అధికారి అంటువ్యాధులపై ఓ పుస్తకం రాశాడు. స్పర్శ, దగ్గరి నుంచి పడే తుంపర్లు ముఖ్యమనీ, గాలి పాత్ర చాలా తక్కువనీ వాదించాడు. ఆయన బాధ అర్థం చేసుకోదగ్గదే. రోగాలన్నీ చెడుగాలి వల్లేనని తరతరాలుగా నమ్ముతున్న జనంతో చేతులు కడిగించడం ఎలా? కానీ ఆ వాదన పాఠ్యపుస్తకాల్లో గట్టిపడిపోయింది.

దాన్ని కదిలించాలని చూసినవాడు విలియం వెల్స్. హార్వర్డ్‌లో పనిచేసిన ఇంజినీరు. చిన్న తుంపర్లు నేల చేరేలోపే ఆరిపోయి, మిగిలిన కణం గాలిలో తేలుతుందని 1934లోనే రాశాడు. 1950ల చివర్లో ఆయన, సహపరిశోధకుడు రిచర్డ్ రైలీ కలిసి బాల్టిమోర్‌లోని ఓ ఆసుపత్రిలో టీబీ వార్డు గాలిని గొట్టాల ద్వారా పైఅంతస్తులోని గినీ పందుల గదికి పంపారు. ఆ జంతువులు ఏ రోగినీ తాకలేదు, ఏ రోగీ వాటి మీద దగ్గలేదు. అయినా నెలకు సగటున మూడింటికి టీబీ సోకుతూ వచ్చింది. అతినీలలోహిత కాంతితో శుద్ధిచేసిన గాలి పీల్చిన రెండో గుంపులో ఒక్కదానికీ సోకలేదు.

ఇంత తేటగా చూపించినా వైద్యులు దాన్ని తలకిందులుగా నేర్చుకున్నారు. టీబీ క్రిమి ఊపిరితిత్తుల అడుగుకు చేరాలంటే అది ఐదు మైక్రాన్లలోపు కణంలో ఉండాలి. ఒక్క జబ్బుకు చెందిన ఆ అంకె క్రమంగా అన్ని జబ్బులకూ సరిహద్దైపోయింది. ఐదు దాటితే నేలపాలేనని పాఠం స్థిరపడింది. వెల్స్ గీసిన గీత వంద దగ్గర ఉంది! వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త లిన్సీ మార్, పరిశోధక విద్యార్థిని కేటీ రాండల్ తదితరులు పాత కాగితాలు తవ్వి ఈ పొరపాటు మూలాన్ని బయటపెట్టారు. 2020 మార్చిలో ‘కొవిడ్ గాలిద్వారా వ్యాపించదు’ అని ప్రకటించిన ప్రపంచ ఆరోగ్య సంస్థకు అదే ఏడాది జులైలో 239 మంది శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాశారు. పాత విభజనను పక్కనపెట్టే కొత్త పదజాలం ఆ సంస్థ నుంచి రావడానికి 2024 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. ఈ ఆలస్యానికి మూల్యం చెల్లించింది ప్రజలు.

మన దగ్గర హైదరాబాద్ సీసీఎంబీ, చండీగఢ్ ఇమ్‌టెక్ పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు ఆసుపత్రుల్లో, కొవిడ్ రోగుల ఇళ్లలో గాలి నమూనాలు పట్టి చూశారు. గదిలో ఇద్దరు, అంతకు మించి రోగులున్న చోట 75 శాతం నమూనాల్లో వైరస్ దొరికింది. ఒక్కరే ఉన్నా, అసలెవరూ లేకపోయినా అది 15.8 శాతమే. 2021 మేలో కేంద్ర ప్రభుత్వ ముఖ్య శాస్త్ర సలహాదారు కార్యాలయం కూడా, సూక్ష్మ కణాలు పది మీటర్ల దాకా వెళ్లగలవనీ కిటికీలు తెరవమనీ సూచించింది.

ఇక్కడే చాలామంది పొరబడేది ఏసీ విషయంలో. ఇళ్లలో, ట్యూషన్ గదుల్లో కనిపించే మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్లీ మన మీదికే వదులుతుంది. 2020 జనవరి 24న చైనాలోని గ్వాంగ్‌జౌలో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆపేసి ఏసీ నడుస్తున్న ఓ రెస్టారెంట్‌లో, పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్న మూడు కుటుంబాల్లో పదిమందికి కొవిడ్ సోకింది.

గదిలో గాలి మారుతోందో లేదో తెలుసుకోవడానికి చిన్న కార్బన్ డయాక్సైడ్ మీటరు చాలు. ఆరుబయట అది పదిలక్షల వంతుల్లో 420 దరిదాపుల్లో ఉంటుంది. మనం వదిలే ఊపిరిలో 40,000. కిటికీ లేని గదిలో నలభై మంది పిల్లలు కూర్చుంటే అంకె ఎలా ఎగబాకుతుందో కళ్లారా చూడొచ్చు. అంకె పెరిగిందంటే ఒకరు వదిలింది మరొకరు పీలుస్తున్నారని అర్థం.

పెరూ రాజధాని లిమాలో పరిశోధకులు ఇదే వాయువును ఆసుపత్రి వార్డుల్లోకి వదిలి, ఎంత వేగంగా తగ్గుతుందో కొలిచారు. 2007లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం తలుపులూ కిటికీలూ బార్లా తెరిస్తే గంటకు 28 సార్లు గాలి మారింది. ఐసొలేషన్ గదుల్లో యంత్రాలకు పెట్టుకున్న లక్ష్యం 12 సార్లే. ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలున్న అప్పటికే యాభై ఏళ్లు దాటిన వార్డుల్లో అది 40కి చేరింది. కొత్తవాటిలో 17. టీబీకి మందుల్లేని రోజుల్లో, 1915లో, మదనపల్లె దగ్గర వెలసిన ఆరోగ్యవరం శానిటోరియంలాంటి చోట్ల రోగికిచ్చిన వైద్యం కూడా మంచి గాలి, విశ్రాంతి, తిండి.

ఇప్పుడు మన కోచింగ్ సెంటర్లలో, క్లినిక్‌ల వెయిటింగ్ హాళ్లలో చల్లదనం బయటికి పోకుండా కిటికీల మీద ప్లైవుడ్ పలకలు బిగిస్తున్నారు. వాటి స్క్రూలు విప్పడానికి ఒక కార్పెంటరు, ఒక పూట చాలు.