న్యూరాన్‌ను కాచే పెప్టైడ్ ఎక్కడ ఆగింది?

మన బరువులో మెదడు వాటా రెండు శాతమే. ఒంటికి అందే ఆక్సిజన్‌లో మాత్రం ఐదో వంతు దానికే కావాలి. పెద్ద రక్తనాళానికి గడ్డ అడ్డుపడి పక్షవాతం వస్తే, వైద్యం అందేదాకా నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు పోతాయని అంచనా. అయితే ఇవన్నీ కేవలం ఊపిరాడకే చనిపోవు. శక్తి చాలని కణాలు గ్లుటమేట్ అనే రసాయనాన్ని అదుపు లేకుండా వదిలేస్తాయి. దాంతో పక్క కణాల మీది ఎన్‌ఎండీఏ ద్వారాలు తెరుచుకుని కాల్షియం లోపలికి ముంచుకొస్తుంది. ఆ ద్వారాన్నీ, నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైమునూ పీఎస్‌డీ-95 అనే ప్రొటీన్ పక్కపక్కనే కట్టి ఉంచుతుంది. కాల్షియం తగలగానే ఎంజైము చెలరేగి, మితిమీరిన నైట్రిక్ ఆక్సైడ్‌తో కణం ప్రాణం తీస్తుంది.

ద్వారాన్నే మూసేస్తే సరిపోదా? ఆ ప్రయత్నమూ జరిగింది. కానీ జ్ఞాపకానికీ, ఆలోచనకూ అదే ద్వారం కావాలి కనుక ఆ మందులు రోగుల్లో భ్రమలూ అయోమయమూ తెచ్చాయి. టొరంటోలో మైకేల్ టిమియాన్‌స్కీ బృందం ద్వారం జోలికి పోకుండా ఆ కట్టును మాత్రమే విప్పాలనుకుంది. అలా వచ్చిందే నెరినెటైడ్ అనే పెప్టైడ్. దాని పొడవు 20 అమినో ఆమ్లాలే. అందులో 9 ద్వారం తోకకు అచ్చమైన నకలు. పీఎస్‌డీ-95 ఆ నకలును పట్టుకుని అసలును వదిలేస్తుంది. మిగతా 11 కణం గోడ దాటించడానికి హెచ్‌ఐవీ ప్రొటీన్ నుంచి తీసుకున్నవి. వాటివల్ల రోగం రాదు లెండి. 2012లో కోతుల్లో మెదడు దెబ్బతిన్న మేర స్పష్టంగా తగ్గింది.

మనుషుల్లో కథ అడ్డం తిరిగింది. గొట్టంతో గడ్డను తీసేసిన 1,105 మంది మీద జరిగిన పరీక్ష 2020లో వెలువడింది. కోలుకున్నవారు మందు తీసుకున్నవారిలో 61.4 శాతం, తీసుకోనివారిలో 59.2 శాతం. ఇది తేడా కింద లెక్క కాదు. గడ్డ కరిగించే ఆల్టెప్లేస్ తీసుకోనివారిలో మాత్రం అవే అంకెలు 59.3, 49.8గా తేలాయి. ఆల్టెప్లేస్ పుట్టించే ప్లాస్మిన్ ఈ పెప్టైడ్‌నూ ముక్కలు చేస్తుందన్నది నమ్మదగిన వివరణే. తీరా అలాంటివారితోనే మళ్లీ పరీక్షిస్తే ఆ మేలు నిలబడలేదు. అంటే సిద్ధాంతమే తప్పా? అలా అనలేం. ప్రయోగశాలలో గడ్డ పడే క్షణం ముందే తెలుసు, రోగి విషయంలో అప్పటికే గంటలు గడిచిపోతాయి. కానీ కోతుల ఫలితాన్ని రోగికి హామీగా చూపడం మాత్రం తప్పే.

ఏమీ లేనిదానికన్నా ఏదో ఒకటి నయం కదా అనేవారున్నారు. పంది మెదడు నుంచి తీసే పెప్టైడ్ల మిశ్రమం సెరిబ్రోలైసిన్ మన దేశంలో వాడుకలోనే ఉంది. వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సమీక్ష మాత్రం అది పక్షవాతం మరణాలను తగ్గించదనీ, తీవ్రమైన దుష్ప్రభావాలు పెరగవచ్చనీ తేల్చింది. కాబట్టి ఇలాంటి మందుల మీద ఆశ పెట్టుకోకుండా, మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు.