మట్టి ఇంటికి గడప లేదా?
దామోదరం సంజీవయ్య ఇమేజి గురించి కొన్ని ఆలోచనలు

దామోదరం సంజీవయ్య గురించి కర్నూలు దిక్కు ఎవరిని కదిలించినా రెండు కథలు చెబుతారు. మొదటిది కట్టెల పొయ్యి కథ. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఆస్తులు కూడబెట్టాడని సొంత పార్టీవాళ్లే ఢిల్లీకి ఫిర్యాదు చేశారట. నిజమేందో చూసి రమ్మని నెహ్రూ ఒక మనిషిని పంపించాడట. ఆయన పెద్దపాడుకు పోయి చూస్తే, ముఖ్యమంత్రి తల్లి మట్టి ఇంటి దగ్గర కట్టెల పొయ్యి మీద కుండలో వండుకుంటూ కనపడిందట. రెండోది వంద రూపాయల కథ. ఖర్చులకు ఉంచుకోమని కొడుకు వంద రూపాయలు చేతిలో పెడితే, నాకైతే నువ్వున్నావు, ఊళ్లో తక్కిన ముసలోళ్ల గతేందని తల్లి అడిగిందట. అందులోంచే వృద్ధాప్య పింఛన్లు పుట్టాయంటారు. చెప్పేవాళ్లను బట్టి ఢిల్లీ నుంచి వచ్చిన మనిషి మారుతుంటాడు, కుండలో ఉడికేది మారుతుంది. పొయ్యి మాత్రం మారదు.

ఈ కథలు ఎంతవరకు జరిగినవో తేల్చే పని మేము ఇక్కడ పెట్టుకోలేదు. ఇన్నేళ్లుగా ఇవే ఎందుకు నిలిచాయి, ఎవరికి ఏం పని చేసిపెడుతున్నాయి అన్నది మా ప్రశ్న. పేరున్నవాళ్ల బయటి రూపానికీ లోపలి మనిషికీ మధ్య ఉండే ఎడం గురించి పత్రికలు చాలా రాస్తాయి. ఆ ఎడానికి కూడా ఒక కులం ఉందని మాత్రం రాయవు.

ఇమేజి అనే మాటను సినిమా పత్రికలు అరగదీశాయి గనక కొంచెం వివరంగా చూద్దాం. ఇమేజి అంటే ఒక మనిషి గురించి జనం మనసులో ఉండే బొమ్మ. అందులో కొంత ఆ మనిషి గీసుకున్నదే: వేసుకునే బట్ట, మాట్లాడే తీరు, దిగే ఫోటోలు. కొంత ఆయన వెనకున్న పార్టీ, పత్రిక, కులం గీసినది. అన్నిటికంటే ఎక్కువ భాగం జనం అల్లుకునే కథలే. ఎర్వింగ్ గోఫ్‌మన్ అనే సమాజ శాస్త్రవేత్త 1956లో వేసిన పుస్తకంలో మనుషుల బతుకును నాటకంతో పోల్చాడు. ప్రతి మనిషికీ నలుగురి ముందు ఒక వేదిక, వేదిక వెనక ఒక చాటు ఉంటాయన్నాడు.

కడప జిల్లావాళ్లకు ఈ సంగతి చెప్పడానికి గోఫ్‌మన్ అవసరం లేదు. 1885లో ఆ జిల్లాలోని సురభి గ్రామంలో కీచకవధ ఆడినప్పటి నుంచి సురభి నాటక సమాజాలు ఆ పనే చూపిస్తున్నాయి. తెర ముందు కీచకుడు, ద్రౌపది. తెర వెనక అదే కుటుంబం పిల్లలకు అన్నం పెట్టుకుంటుంది, జ్వరం వస్తే కషాయం కాచుకుంటుంది. రంగు కడుక్కుని సంగటి తినే కీచకుణ్ణి చూసి మోసగాడని ఎవరూ అనరు. కాబట్టి రెండు రూపాలుండటం తప్పు కాదు, మనిషికి అది అవసరం. తెర ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్న దగ్గరే అసలు గొడవ మొదలవుతుంది.

చెరువు, బావి, భూమి లాగానే తెర కూడా ఆస్తి. మా సీమ పల్లెల్లో పెద్ద రైతు ఇంట్లోకి ఎవరు ఎంతదాకా పోవచ్చో ప్రతి కులానికీ ఒక కొలత ఉండేది. ఒకరికి నడవ, ఒకరికి అరుగు, మావాళ్లకు వాకిలి బయట చెప్పులు చేతబట్టుకుని నిలబడే జాగా. ఆ ఇంటి లోపల ఏం జరిగినా గోడ దాటి బయటికి రాదు. వచ్చినా పెద్దింటి సంగతి మనకెందుకని ఊరే నోరు మూసుకుంటుంది. అదే మాలగేరిలోకి, మాదిగగేరిలోకి పోలీసు రావచ్చు, అప్పిచ్చినోడు రావచ్చు, పనికి పిలిచే ఆసామి రావచ్చు. ఎవరూ గడప దగ్గర ఆగి అడగరు. మా ఇండ్లు ఎప్పుడూ తనిఖీకి తెరిచిపెట్టినవే.

ఇప్పుడు కట్టెల పొయ్యి కథను మళ్లీ వినండి. ఒక రాష్ట్ర ముఖ్యమంత్రి మీద ఆరోపణ వస్తే, వచ్చినాయన నేరుగా ఆయన తల్లి పొయ్యి దగ్గరికి పోయాడు. కథ చెప్పేవాళ్లలో గానీ వినేవాళ్లలో గానీ ఇదేం పద్ధతి అన్నవాళ్లు లేరు. అవినీతి నిరోధక శాఖ ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడింది 1961లో, సంజీవయ్య హయాంలోనే. అవినీతిని పట్టడానికి శాఖ పెట్టినాయన నిజాయితీకి రుజువు ఆయన తల్లి వంటకుండలో దొరికిందన్నమాట. ఆయనకు ముందూ వెనకా ముఖ్యమంత్రిగా ఉన్న నీలం సంజీవరెడ్డిదీ సీమే, అనంతపురం జిల్లా ఇల్లూరు. ఇల్లూరు వంటింట్లో ఏం ఉడుకుతున్నదో చూసి వచ్చిన కథ ఒక్కటీ మా చెవిన పడలేదు.

ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. ఆ రోజు పెద్దపాడులో మట్టిల్లు బదులు నాలుగు గదుల మిద్దె కనపడి ఉంటే? సంజీవయ్య 1948లో మద్రాసులో లా పూర్తి చేసిన ప్లీడరు. 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడు. 1952 నుంచి మద్రాసు రాష్ట్రంలో, తర్వాత ఆంధ్ర రాష్ట్రంలో, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి. అంతటివాడు తల్లికి ఒక మిద్దె కట్టిస్తే అది దొంగసొమ్మే అయ్యుంటుందా? కథ ప్రకారం అయ్యుంటుంది. పేదరికం ఆయన నిర్దోషి అనడానికి పత్రం. ఆ పత్రం చేతిలో ఉండాలంటే తల్లి పొయ్యి ఊదుతూనే ఉండాలి. మేమూ ఈ కథ విని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లమే. ఆ కన్నీళ్ల కింద ఈ షరతు ఉందని గమనించడానికి కొంతకాలం పట్టింది.

నిరాడంబరత అన్న గుణాన్ని కూడా ఇక్కడే విడమర్చి చూడాలి. వదులుకోవడానికి ఏదో ఉన్నవాడు వదులుకుంటే అది త్యాగం. 1931లో గాంధీ కొల్లాయితో లండన్ పోయినప్పుడు లోకం చూసింది ఆ త్యాగాన్నే. అదే రౌండ్ టేబుల్ సమావేశాల్లో అంబేద్కర్ సూటుతో కూర్చున్నాడు. బొంబాయి దాదర్‌లో పుస్తకాల కోసమే అన్నట్టు రాజగృహ కట్టుకున్నాడు. పేదరికాన్ని చూపించి మంచివాడనిపించుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు. తన ఇంటికి తానే గడప పెట్టుకున్నాడు. కాంగ్రెస్‌లో ఎదిగిన దళిత నాయకుడికి ఆ వీలు తక్కువ. పార్టీ నీతి గాంధీది, బతుకు మాలగేరిది. పుట్టుకతో వచ్చిన లేమిని ఎంచుకున్న నిరాడంబరతగా చూపిస్తేనే అక్కడ మెప్పు.

ఆ మెప్పు వల్ల ఎవరికి ఏం ఒరిగింది? 1960 జనవరి 11న సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యారు. 1921 ఫిబ్రవరిలో పుట్టినాయనకు అప్పటికి 39 ఏళ్లు ఇంకా నిండలేదు. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. సంజీవరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఢిల్లీ పోవడంతో ఖాళీ అయిన కుర్చీ అది. దాని కోసం పెద్ద కులాల ముఠాలు తన్నుకుంటుంటే ఈయన్ను కూర్చోబెట్టారు. 1962 ఎన్నికలయ్యాక మార్చి 12న సంజీవరెడ్డి తిరిగొచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు. సంజీవయ్యను కాంగ్రెస్ అధ్యక్షుణ్ణి చేశారు. ఏమీ అడగని మంచి మనిషి అన్న ఇమేజి ఉన్నవాణ్ణి కూర్చోబెట్టడమూ సులభమే, లేపడమూ సులభమే. లేచిపోయేటప్పుడు ఆయన లోపల ఏమనుకున్నాడో మనకు చేరిన కథల్లో లేదు. కోపం ఆయన ఇమేజిలో ఇమడదు గదా.

ఇమేజిలో ఇమడనివి ఇంకా చాలా ఉన్నాయి. ఆయన అనంతపురం దత్తమండలాల కాలేజీలో బి.ఎ. చదివింది గణితం. ముఖ్యమంత్రిగా ఉన్న రెండేళ్లలో ఆరు లక్షల ఎకరాల బంజరు పేదలకు పంచారని చెబుతారు. ఆ పని గురించి మాట్లాడాలంటే పట్టాలు ఎవరి చేతికి వచ్చాయి, దున్నింది ఎవరు అని అడగాల్సి వస్తుంది. పొయ్యి గురించి మాట్లాడితే ఆ ఇబ్బంది ఉండదు. 1964 జూన్ నుంచి 1966 జనవరి వరకు ఆయన కేంద్రంలో కార్మిక మంత్రి. బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది 1965లో, ఆయన ఆ శాఖలో ఉండగానే. పండగకు బోనస్ తీసుకునే కార్మికుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? భారతదేశంలో కార్మిక సమస్యలు, పారిశ్రామికాభివృద్ధి మీద ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1970లో వచ్చింది. జయంతి సభల్లో ఆ పుస్తకం మాట ఎత్తగా మేము వినలేదు. అమ్మ మీద ప్రేమతో పింఛను పెట్టిన కొడుకు కథ అందరికీ కావాలి. ఒక సంక్షేమ విధానాన్ని ఆలోచించి, లెక్కవేసి, మంత్రివర్గంలో ఒప్పించిన బుర్ర సంగతి ఎవరికీ అక్కర్లేదు. దళితుడికి గుండె ఉందంటే ఒప్పుకుంటారు గానీ మెదడు ఉందంటే గింజుకుంటారు.

అలాగని ఇమేజి దళితులకు ఎప్పుడూ చేటే అనడం లేదు. తమిళనాడులో ఎం.జి. రామచంద్రన్ సినిమాల్లోని పేదల దేవుడి రూపం ఓట్లుగా ఎలా మారిందో, అదే పేదల్ని ఎలా కట్టిపడేసిందో ఎం.ఎస్.ఎస్. పాండియన్ 1992లో 'ది ఇమేజ్ ట్రాప్' అనే పుస్తకంలో చూపించాడు. మన దగ్గర రాముడిగా, కృష్ణుడిగా వెండితెర మీద నిలిచిన ఎన్.టి. రామారావు 1982లో పార్టీ పెట్టి 1983 కల్లా ముఖ్యమంత్రి అయ్యాడు. వీళ్ల ఇమేజికి ఒక సౌకర్యం ఉంది. సొంత బతుకు దానికి సరిపోకున్నా బొమ్మ నిలబడుతుంది.

కడప జిల్లాలో దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి అంటే తెల్ల పంచె, నవ్వు, 2003 పాదయాత్ర, పులివెందులలో పేదలకు మందులిచ్చిన డాక్టరు. దళితవాడల్లో ఆయన విగ్రహాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇడుపులపాయ ఎస్టేటులో తమ కుటుంబం స్వాధీనంలో ఆరువందల ఎకరాలకు పైగా అసైన్డ్ భూమి ఉందని, దాన్ని ప్రభుత్వానికి తిరిగి ఇస్తామని 2006 డిసెంబరులో శాసనసభలో ఆయనే ప్రకటించారు. అసైన్డ్ భూమి అంటే భూమిలేని పేదలకు పంచేది. మేము ఇక్కడ ఆయన మీద తీర్పు చెప్పబోవడం లేదు. ఆ ప్రకటన తర్వాత కూడా ఇమేజికి బీట పడలేదన్నది గమనించాలి. 2009లో ఆయన్ను మళ్లీ గెలిపించారు. ఒకరికి వందల ఎకరాల ఎడాన్ని కూడా బొమ్మ భరిస్తుంది. ఇంకొకరికి తల్లి ఇంటి పైకప్పు మారినా భరించదేమో అన్నట్టుంటుంది.

ఈ కథల్లో సాక్ష్యం చెప్పాల్సి వచ్చేది ఆడవాళ్లే. బ్రహ్మంగారి మఠం దిక్కున మాదిగ కక్కయ్య కథ తెలియనివాళ్లు లేరు. ఒంట్లో పద్మాలున్నాయని స్వామి చెప్పింది నిజమా అని చూడటానికి కక్కయ్య తన భార్యను కోసి చూశాడనీ, తర్వాత స్వామి ఆమెను బతికించాడనీ చెబుతారు. గురువు మాట నిజమని తేలడానికి మాదిగ ఇల్లాలి ఒళ్లు తెరవాల్సి వచ్చింది. ముఖ్యమంత్రి నిజాయితీ తేలడానికి పెద్దపాడు ఇంట్లో కుండ మూత తీయాల్సి వచ్చింది. సంజీవయ్య తల్లి పేరు సుంకులమ్మ. కథ చెప్పేవాళ్లలో చాలామంది ఆ పేరు చెప్పరు. భర్త మునయ్య చనిపోయేనాటికి సంజీవయ్య పసిబిడ్డ. అక్కడి నుంచి ఆమె బతుకంతా జరిగి, చివరికి ఒక పొయ్యి దగ్గర బొమ్మగా మిగిలింది. సంజీవయ్య 1954లో పెళ్లి చేసుకున్న కృష్ణవేణి ఉపాధ్యాయురాలు. ఆమె ఈ కథల్లోకి అసలు రానే రాలేదు.

ఇదంతా పెద్ద నాయకుల గొడవ అనుకుంటే పొరపాటు. మొదటి తరం చదువుకుని కాలేజీల్లో, ఆఫీసుల్లో చేరిన మనలో ప్రతివాళ్లకూ ఇందులో ఒక చిన్న భాగం అందుతుంది. హాస్టలు పిల్లవాడు మంచి చొక్కా వేస్తే స్కాలర్‌షిప్ ఎందుకంటారు. చిరిగింది వేస్తే శుభ్రత లేదంటారు. దళిత టీచరు ఇల్లు కట్టుకుంటే ఎక్కడిదని ఆరా తీస్తారు. కర్నూలులో గానీ కడపలో గానీ అద్దె ఇంటికి పోయినప్పుడు మీరేమిట్లు అని అడగడంతోనే మన లోపలిదంతా బయట పెట్టమంటున్నారు. ఆదర్శ దళితుడనే ఇమేజిని కొందరం కష్టపడి మోస్తుంటాం: ఎప్పుడూ చదువుతూ, ఎప్పుడూ ఓపికగా, ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా. పక్క సీటులోని ఆయనకు అలసిపోయే హక్కు, సరదా పడే హక్కు, మధ్యరకంగా ఉండే హక్కు ఉన్నాయి. మనకు వాటిని వాడుకోవాలంటే భయం.

సంజీవయ్య 1972 మేలో, 51 ఏళ్ల వయసులో, ఢిల్లీలో చనిపోయారు. అప్పటికి రెండోసారి కాంగ్రెస్ అధ్యక్షుడు. ఆయన పేరుకు ఇప్పుడు కొదవ లేదు. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పార్కు, కర్నూలు జిల్లాలో గాజులదిన్నె ప్రాజెక్టు, కృష్ణపట్నం దగ్గర థర్మల్ కేంద్రం, విశాఖలో న్యాయ విశ్వవిద్యాలయం. 2008లో తపాలా బిళ్ల కూడా వచ్చింది. పెద్దపాడు కర్నూలుకు పక్కనే ఉంది. అక్కడికి పోయే విద్యార్థులు ఆయనకు ఏ పాట ఇష్టమో, ఎవరి మీద అలిగేవాడో, చిన్నప్పుడు ఏ బావి దగ్గర నిలబెట్టారో, సుంకులమ్మ ఎవరి చేలో కూలికి పోయేదో అడిగి రాసుకుని రావాలి. భూమి పట్టాల కాగితాలు ఎవరి ఇంట్లోనైనా ఉంటే తేదీలు చూడాలి. కట్టెల పొయ్యి సంగతి అడగక్కర్లేదు, అది అడగకుండానే చెబుతారు.