గది అడిగితే వాడ పేరూ చెప్పాలి

పరీక్షకో, ఇంటర్వ్యూకో, పీహెచ్‌డీ అడ్మిషన్‌కో జలదంకి నుంచి బయల్దేరేవాళ్లు ముందు కావలి వెళ్లి రైలెక్కాలి. టికెట్ దొరుకుతుంది. కష్టమంతా దిగిన ఊళ్లో ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలన్నదే.

లాడ్జి కౌంటర్‌లో ఆధార్ అడుగుతారు. మనలో చాలామంది కార్డుల మీద ఎస్సీ కాలనీ అనో, అరుంధతివాడ అనో ఉంటుంది. నంబరులో కొన్ని అంకెలు కనిపించకుండా చేసే మాస్క్‌డ్ ఆధార్ కూడా చిరునామాను దాచదు. ఒకసారి నా కార్డు చూసిన గుమాస్తా రెండు నిమిషాలు లోపలికి వెళ్లొచ్చి, గదులు లేవన్నాడు. అంతకు అరగంట ముందు ఫోన్‌లో ఉన్నాయన్నది ఆయనే.

ఈ ప్రశ్న పాతదే. 1901లో తొమ్మిదేళ్ల అంబేడ్కర్ తండ్రి దగ్గరికి వెళ్తూ మసూర్ స్టేషన్‌లో దిగారు. మహార్ పిల్లలని తెలియగానే స్టేషన్ మాస్టర్ ముఖం మారిపోయింది. రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నా, బండి తోలుకోవాల్సింది పిల్లలే. తర్వాత అమెరికాలో చదివొచ్చి బరోడా కొలువులో చేరినప్పుడు, పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో దిగారు. పదకొండో రోజు కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఇదంతా ఆయనే రాశారు.

కాబట్టి గది వెతకడం ఇంటి దగ్గరే మొదలుపెట్టాలి. వీలైతే రాత్రి రైలు చూసుకోండి. సికింద్రాబాద్‌కైతే సింహపురి ఎక్స్‌ప్రెస్ ఉంది. బెర్తే ఆ రాత్రికి గది, స్నానానికి స్టేషన్ వెయిటింగ్ హాలు. ఉండక తప్పకపోతే రైల్వే రిటైరింగ్ రూములు, డార్మిటరీలు ముందు చూడండి. కన్ఫర్మ్ లేదా ఆర్ఏసీ టికెట్ ఉంటే పీఎన్ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో బుక్ చేసుకోవచ్చు. విజయవాడ, సికింద్రాబాద్, తిరుపతి వంటి పెద్ద స్టేషన్లలో ఇవి ఉన్నాయి. త్వరగా నిండిపోతాయి, టికెట్ కొన్నరోజే చూసుకోండి.

లాడ్జి అయితే ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: ఒంటరిగా వచ్చినవాళ్లకు గది ఇస్తారా, అద్దె ఇరవై నాలుగు గంటలకా లేక మధ్యాహ్నానికే ఖాళీ చేయాలా, పన్నుతో కలిపి ఎంత. జవాబు మెసేజ్‌లో పంపమనండి. స్టేషన్ నుంచి దీపాలున్న రోడ్డు మీద నడిచి చేరగలిగేదే ఎంచుకోండి. ఆటోవాళ్లు చూపించే లాడ్జిల్లో వాళ్ల కమీషన్ కూడా అద్దెలో కలుస్తుంది. డబ్బు కట్టేముందు గది చూడండి. లోపలి గడియ, కిటికీ, బాత్‌రూమ్ వెంటిలేటర్ సరిగా ఉన్నాయో లేదో చూడాలి. కార్డు కాపీ మీద ‘గది కోసం మాత్రమే’ అని రాసి, తేదీ వేసి ఇవ్వండి. రసీదు తీసుకోండి. ఒంటరి స్త్రీకి గది ఇవ్వకూడదని ఏ చట్టమూ చెప్పదు.

కార్డు చూశాక గది లేదంటే గొడవ పెట్టుకోకముందే ఆధారం పోగేయండి. బుకింగ్ యాప్‌లో అదే లాడ్జిలో గదులు కనిపిస్తుంటే స్క్రీన్‌షాట్ తీయండి. వెంటనే ఒక మిత్రుడితో అక్కడికే ఫోన్ చేయించి గది అడిగించండి. సమయం, అన్న మాటలు రాసుకోండి. రాజ్యాంగం 15(2) అధికరణ హోటళ్లలో కుల వివక్షను నిషేధించింది. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్ హోటళ్లతో పాటు ధర్మశాలలు, సత్రాల పేర్లు కూడా చెప్పి మరీ దాన్ని నేరం చేసింది. కులం పేరుతో నలుగురిలో తిడితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం కింద ఎఫ్ఐఆర్ కట్టడానికి ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణ చెబుతోంది. అపాయం ఉంటే 112కు, రైల్లో, స్టేషన్లో అయితే 139కి, అత్యాచారాల ఫిర్యాదుకు 14566కు ఫోన్ చేయండి.

అయితే రాత్రి పదకొండింటికి చేతిలో బ్యాగుతో నిలబడ్డ పిల్లకు ముందు కావలసింది తలుపు గడియ, ఫిర్యాదు తెల్లారాక. అందుకే మీరు దిగిన చోట గౌరవంగా గది ఇచ్చిన లాడ్జి పేరు, అద్దె, తేదీ మీ విద్యార్థి సంఘం గ్రూపులో రాయండి. నిరాకరించిన చోటూ రాయండి. కావలిలో రైలెక్కబోయే తర్వాతి మనిషికి అది పనికొస్తుంది.