విండోస్ నుంచి లినక్స్‌కు: అపోహలు – వాస్తవాలు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి లాంటి పట్టణాల్లో పాత కంప్యూటర్ ఉన్న ఇళ్లకు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఒక దారి. ఆ దారి గురించి జనం భయపడేది ఒకచోట, అసలు చిక్కు ఉన్నది ఇంకోచోట.

అపోహ: గడువు దాటింది కాబట్టి కంప్యూటర్‌ను పాత సామాన్లవాడికి వేయాల్సిందే.

వాస్తవం: గడువు దాటినా కంప్యూటర్ పనిచేస్తుంది. ఆగేది భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్లు. పేరు నమోదు చేసుకుంటే మరో ఏడాది అవి అందే ఏర్పాటు మైక్రోసాఫ్ట్ చేసింది కానీ, అది వాయిదా మాత్రమే. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కొత్త తరం ప్రాసెసర్ ఉండాలని విండోస్ 11 షరతు పెట్టడంతో బాగా పనిచేస్తున్న యంత్రాలు కూడా అనర్హమయ్యాయి. లినక్స్‌లో ఒక రకమైన మింట్‌కు 2 జీబీ ర్యామ్ ఉన్నా చాలు, 4 జీబీ ఉంటే హాయి. అలాగని పాత యంత్రం కొత్తదైపోదు. బ్రౌజర్‌లో పది పేజీలు తెరిస్తే 2 జీబీ ర్యామ్ లినక్స్‌లోనూ ఆయాసపడుతుంది.

అపోహ: లినక్స్‌లో తెలుగు రాదు.

వాస్తవం: యూనికోడ్ తెలుగు ఏ సిస్టమ్‌లోనైనా ఒకటే. లోహిత్, నోటో లాంటి ఫాంట్లు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లినక్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు మెనూలతోనే ఒక లినక్స్‌ను తీర్చిదిద్దింది. ‘మరి మా పాత ఫైళ్లు గజిబిజిగా ఎందుకు కనిపిస్తున్నాయి?’ అని డీటీపీ పనివారు అడగవచ్చు. అను ఫాంట్లతో టైపు చేసిన ఫైలులో నిజానికి ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలు. వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. ఆ ఫాంటు లేకపోతే విండోస్‌లోనూ అదే గతి. కాబట్టి సిస్టమ్ మారినా మారకపోయినా దాచుకోదగ్గ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చుకోవడం మేలు. పెళ్లిపత్రికలు, కరపత్రాలు రోజూ పేజ్‌మేకర్‌లోనే చేసేవారికి మాత్రం విండోస్ తప్పదు.

అపోహ: మారితే ఫొటోలు, ఫైళ్లు అన్నీ పోతాయి.

వాస్తవం: సిస్టమ్ మార్పు ఫైళ్లను మింగదు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ మొత్తాన్ని చెరిపే ఆప్షన్ ఎంచుకుంటే పోతాయి. విండోస్‌ను ఉంచి పక్కనే లినక్స్ వేసుకునే వీలుంది. అయినా డిస్క్‌ను విడగొట్టేటప్పుడు కరెంటు పోతే నష్టం జరగవచ్చు. అందుకే ముందుగా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఒక కాపీ తీయాలి. డిస్క్‌కు తాళంలా పనిచేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీని రాసిపెట్టుకోవాలి.

అపోహ: లినక్స్ మనలాంటి వాళ్లకు రాదు.

వాస్తవం: కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో లక్షల మంది పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. మనకు కష్టమనిపించేది అలవాటు లేకనే. స్థానికంగా రిపేరు చేసేవారికి విండోసే తెలుసన్న అభ్యంతరం నిజమే. దానికి విరుగుడు, ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్‌ను నడిపి చూడటం. వైఫై, ప్రింటర్, వేలిముద్ర యంత్రం పనిచేస్తున్నాయో లేదో చాలావరకు అక్కడే తేలిపోతుంది. ట్యాలీ విండోస్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్ కాబట్టి ఇంట్లో అందులో లెక్కలు రాసేవారుంటే విండోస్‌ను ఉంచుకోవాలి. బ్రౌజర్, పీడీఎఫ్, వీడియో పాఠాలతో సరిపెట్టుకునే ఇంటికి మాత్రం కొత్త కంప్యూటర్ ఖర్చు అనవసరం.