గుంటూరు కారం, బ్యాంకాక్ దస్తర్‌ఖాన్

చిలకలూరిపేటలో హైదరాబాదు బస్సు ఎక్కేటప్పటికి మా నలుగురి సామానులో బట్టల కన్నా తిండి బరువే ఎక్కువ. గోంగూర పచ్చడి, కందిపొడి, చెగోడీలు, రెండు రోజులు నిలవుండే రొట్టెలు. బ్యాంకాక్‌లో ఏది ముట్టుకున్నా పంది కొవ్వేనట అని ఎవరో అన్న మాట మా ఇళ్ళల్లో ఆడవాళ్ళ చెవిన పడింది. ఇంకేముంది, ఎవరికి వారే ఒక సంచి కట్టి ఇచ్చారు.

మా నలుగురివీ బడి నాటి స్నేహాలు. ఒకడిది పరుపుల దుకాణం. దూదేకుల ఇంట పుట్టినవాడు, తాత విల్లు పట్టి ఊరూరా దూది ఏకినవాడు. ఇంకొకడు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. మూడోవాడు కౌలుకు మూడెకరాల మిరప వేస్తాడు. నాలుగోవాణ్ణి నేను, బడిపంతుల్ని. పరుపుల వాడి కొడుకు హైదరాబాదులో కుదురుకుని, నాన్నకూ నాన్న దోస్తులకూ అని నాలుగు టిక్కెట్లు తీశాడు. 2025 ఆగస్టు నాటి మాట ఇది.

కౌలు రైతు మాత్రం రానన్నాడు. "అరవై టిక్కీలు ఏసీలో పెట్టుకుని కూర్చున్నా. నాకు షికారేంటి బావా?" అన్నాడు. అతని బాధ మాకు తెలియనిది కాదు. 2023లో క్వింటాలు ఇరవై వేలు దాటి పలికిన కాయ, 2025 తొలి నెలల్లో దాదాపు సగానికి పడింది. రైతులు యార్డులో గగ్గోలు పెడితే, ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. కోత కూలీలకూ, కౌలుకూ, పురుగు మందుకూ ఖర్చు పెట్టినవాడికి ఆ అంకె ఏపాటి ఊరటో వేరే చెప్పనక్కర్లేదు. సగం సరుకు అమ్మి అప్పు వడ్డీ కట్టి, మిగతా సగం కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు మావాడు.

చివరికి అతన్ని కదిలించింది గుమస్తానే. "మన కాయ కొనే దేశంరా అది. చైనా, థాయ్‌లాండ్, బంగ్లాదేశ్, శ్రీలంక అని రోజూ కొట్లో వింటూనే ఉంటాం. తినేవాడి ముఖం ఒక్కసారైనా చూద్దాం రా" అన్నాడు.

వాళ్ళకూ రోలుంది

బ్యాంకాక్‌లో దిగినరోజు పొద్దున్నే మొదటి సంచి విప్పాం. హోటల్ గదిలో గోంగూరా రొట్టే తింటూ కిటికీలోంచి చూస్తే, కింద సందులో ఒక బండి దగ్గర జనం నిలబడి తింటున్నారు. బండి మీద పచ్చటి బోర్డు, దాని మీద నెలవంక, చుక్క. అవి చూశాక పరుపుల వాడు చేతిలోని రొట్టె పక్కన పెట్టి చెప్పులు తొడిగాడు.

థాయ్‌లాండ్ బౌద్ధ దేశమే అయినా, మనవాళ్ళు అక్కడ లేనివాళ్ళు కారు. దక్షిణాన మలేషియా సరిహద్దు వెంట పట్టానీ, యాలా, నరాథివాత్, సతూన్ రాష్ట్రాల్లో ముస్లింలదే మెజారిటీ. బ్యాంకాక్‌లోనూ పేటలకు పేటలున్నాయి. హలాల్ భోజనం కావాలంటే 'ఆహాన్ ఇస్లామ్' అంటే చాలు, వేలు పెట్టి చూపిస్తారు. కొట్లలో కొనే పొట్లాల మీద ఆ దేశపు కేంద్ర ఇస్లామిక్ కౌన్సిల్ వారి ముద్ర ఉంటుంది. డైమండు ఆకారంలో, మధ్యలో అరబ్బీలో 'హలాల్' అని. మంచినీళ్ళ పక్కన బీరు అమ్మే సెవెన్ ఎలెవన్ దుకాణంలో కూడా ఆ ముద్ర ఉన్న పొట్లాలు దొరుకుతాయి. అయితే ముద్ర ఆ పొట్లానిదే గానీ దుకాణానిది కాదు. అక్కడే వేడిచేసి ఇచ్చేవాటి జోలికి మేం పోలేదు. చులలోంగ్‌కోర్న్ విశ్వవిద్యాలయంలో హలాల్ విజ్ఞాన కేంద్రం ఒకటుంది. ఆహారంలో పంది పదార్థం కలిసిందా లేదా అని ప్రయోగశాలలో పరీక్షించే ఏర్పాటు వాళ్ళది. దాన్ని నెలకొల్పిన వినై దహ్లాన్, ఇండోనేషియాలో 1912లో ముహమ్మదియా సంస్థను స్థాపించిన అహ్మద్ దహ్లాన్‌కు మనవడు.

ఇక తిండి. వాళ్ళ వంటను పరాయిదనుకుంటూ వెళ్ళిన మమ్మల్ని మొదట ఆపింది రోటి చప్పుడు. ఒకామె మట్టి రోట్లో వెల్లుల్లి, మిరపకాయ వేసి కర్ర రోకలితో దంచుతోంది. పచ్చి బొప్పాయి కోరు, నిమ్మరసం, తాటిబెల్లం, చేపరసం ఒకదాని తర్వాత ఒకటి అందులో పడ్డాయి. సోమ్ తమ్ అంటారట. 'నామ్ ప్రిక్' అనే ఇంకోటుంది, అది అచ్చం మన రోటి పచ్చడే. చేపరసం వాసన మొదట ముక్కుకు తగిలినా, రెండో ముద్దకు అలవాటైపోతుంది. రొయ్యలూ పీతల దగ్గర మాత్రం మాలో మాకే వాదన వచ్చింది. అక్కడి ముస్లింలలో ఎక్కువమంది షాఫయీ మజ్‌హబ్ వాళ్ళు, వాళ్ళకు సముద్రంలోది ఏదైనా సమ్మతమే. హనఫీ పద్ధతిలో పెరిగిన మా పరుపుల వాడు పీత గిన్నెను మర్యాదగా నా వైపు జరిపాడు. నేను దాన్ని అంతే మర్యాదగా గుమస్తా వైపు జరిపాను.

ఏ హోటల్ బల్ల మీద చూసినా నాలుగు గిన్నెలుంటాయి. ఎండుకారం, వెనిగర్‌లో ఊరిన మిరప ముక్కలు, చేపరసం, చక్కెర. కారం గిన్నె మాకు బంధువులా కనిపించింది. కానీ దాని పక్కన చక్కెర ఎందుకో అర్థం కాలేదు. కారం వేసుకున్నాక నూడుల్స్ మీద చక్కెర చల్లుకుంటారు! మా గుమస్తా ఒకసారి వేసుకుని చూసి, "అత్తగారింట్లో తినాల్సిన తిండి" అన్నాడు. ఎండవేళ ఎర్రటి షర్బత్ ఒకటి తాగాం. పుల్లగా, ఎక్కడో తాగినట్టుంది. 'క్రచియప్' అని చెప్పారు. గింజలు తీసిన ఎర్ర కాయ తొడుగులు చూపించాక గానీ తెలియలేదు, అది గోంగూర! ఆకు మనం తింటాం, పువ్వు కింది తొడుగు వాళ్ళు తాగుతారు. సంచిలోని పచ్చడి సీసా తీసి ఆ అమ్మాయికి చూపించాలని పరుపుల వాడు ఎంతో ఉబలాటపడ్డాడు గానీ, అది హోటల్ గదిలో ఉండిపోయింది.

నిజాంపట్నం ఓడ

నగరం మధ్యగా సేన్ సేప్ అనే కాలువ ఉంది. అందులో సిటీ బస్సుల్లా పడవలు నడుస్తాయి. ఆగీ ఆగకముందే ఎక్కాలి, దిగాలి. నీళ్ళు మీద పడకుండా ప్రయాణికులే పక్కనున్న పరదా తాడు లాగి పట్టుకుంటారు. 1837లో మూడో రాముడి కాలంలో ఈ కాలువ తవ్వకం మొదలైంది. దక్షిణాది యుద్ధాల్లో చెరపట్టి తెచ్చిన మలయ్ ముస్లింల చేత ఈ మట్టి తవ్వించారు. వాళ్ళ సంతతి ఇప్పటికీ ఈ కాలువ వెంటే ఉంది. తాతలు కన్నీళ్ళతో తవ్విన కాలువ గట్టునే మనవలు మస్జిదులు కట్టుకున్నారు.

ఆ గట్టు మీదే బాన్ క్రువా అనే పేట. కంబోడియా వైపు నుంచి వచ్చిన చామ్ ముస్లింలకు, యుద్ధంలో చేసిన సేవకు బదులుగా మొదటి రాముడు ఇచ్చిన చోటది. పట్టు నేత వాళ్ళ వృత్తి. 1940ల చివర జిమ్ థాంప్సన్ అనే అమెరికన్ వీళ్ళ మగ్గాల పట్టును ప్రపంచానికి అమ్మి పేరు తెచ్చుకున్నాడు. కాలువకు అవతలి గట్టున ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం, చూడటానికి టిక్కెట్టు. ఇవతలి గట్టున నేసినవాళ్ళ సందుల్లో ఇద్దరు ఎదురెదురుగా నడవడమే కష్టం. ఎక్స్‌ప్రెస్ రోడ్డు కోసం పేటను కూల్చాలని ప్రభుత్వం పూనుకుంటే, ఏళ్ళ తరబడి పోరాడి నిలుపుకున్నారు. ఒక మగ్గం దగ్గర మా పరుపుల వాడు చాలాసేపు నిలబడ్డాడు. దారం వేలికి చుట్టి చూశాడు. ఆ నేతగాడికి తెలుగు రాదు, వీడికి థాయ్ రాదు. తాత విల్లు దూదిని ఎలా మీటేదో గాలిలో చేతులాడించి చూపిస్తే, ఆయన నవ్వి తల ఊపాడు.

పంతులు బుద్ధి కదా, నాకు అక్కడే నిజాంపట్నం గుర్తొచ్చింది. మన బాపట్ల పక్కన ఉన్న ఆ రేవును పాత రోజుల్లో పెటపోలి అనేవారు. గోల్కొండ కుతుబ్ షాహీల ఏలుబడిలో అక్కడ డచ్చివారూ ఇంగ్లీషువారూ గిడ్డంగులు పెట్టారు. 1611లో 'గ్లోబ్' అనే ఇంగ్లీషు ఓడ పెటపోలికీ మచిలీపట్నానికీ వచ్చి, మన నేతగాళ్ళ బట్టలు నింపుకుని, 1612లో పట్టానీకి, అక్కణ్ణించి అప్పటి సియాం రాజధాని అయుత్థయకు చేరింది. మసాలా దినుసుల దేశాల్లో డబ్బు కన్నా కోరమాండల్ బట్టకే గిరాకీ ఎక్కువ. సియాం రాజదర్బారుకు కావలసిన నమూనా పంపితే, ఆ ప్రకారం కలంకారీ అద్ది పంపేవాళ్ళు మన తీరంలో. అంటే మిరపకాయ కన్నా ముందే మన పత్తి ఈ ఊళ్ళు చూసింది.

అదే కాలంలో ఇరాన్‌లోని ఖుమ్ నుంచి వెళ్ళిన షేక్ అహ్మద్ అనే వర్తకుడు అయుత్థయలో రాజుకు దగ్గరై, ముస్లింల వ్యవహారాలు చూసే 'చులరాజమొంత్రి' పదవిలో మొదటివాడయ్యాడు. ఆ పదవి నేటికీ ఉంది. ఆయన వంశంలో ఒక శాఖ తర్వాత బౌద్ధం తీసుకుని మంత్రుల కుటుంబమైంది, ఇంకో శాఖ ముస్లింలుగానే ఉండిపోయింది. 'మస్సమన్' అనే మాంసం కూర పేరు 'ముసల్మాన్' నుంచి వచ్చిందంటారు. దాల్చినచెక్క, ఏలకులు, లవంగాలు, చింతపండు, కొబ్బరిపాలు, వేరుశనగలు, నానబెట్టి నూరిన ఎండుమిరప. దాన్ని పొగుడుతూ రెండో రాముడు పద్యాలు రాశాడు. తిన్న మా గుమస్తా, "ఖుర్మాలో వేరుశనగలు పడ్డాయి" అని ఊరుకున్నాడు.

సంతలో తేజా

జుమా నమాజు నది దగ్గరి చరోన్ క్రుంగ్ రోడ్డు పక్కన, హరూన్ మస్జిద్‌లో చదివాం. థాయ్‌లూ అరబ్బులూ ఆఫ్రికావాళ్ళూ మేమూ భుజం భుజం కలిపి నిలబడ్డాం. బయట ఒక పెద్దాయన మమ్మల్ని చూసి తమిళంలో పలకరించాడు. గుమస్తాకు మద్రాసు షావుకార్ల వల్ల తమిళం వచ్చు. ఏ ఊరంటే గుంటూరన్నాం. ఆయన మొదటి మాటే "మిళగా" అన్నాడు. మిరపకాయా అని! కావాలంటే క్లాంగ్ తోయ్ సంతకు పోయి చూడమన్నాడు.

సాయంత్రం వెళ్ళాం. చేపలూ కూరగాయలూ తడి నేలా దాటాక, ఒక వరుసంతా ఎండుమిరప. థాయ్‌లో మిరపను 'ప్రిక్' అంటారు. నల్ల మిరియాన్ని 'ప్రిక్ థాయ్' అంటారు, అంటే తమ దేశపు ప్రిక్ అని. పోర్చుగీసువాళ్ళ ఓడల వెంట అమెరికా ఖండం నుంచి కాయ వచ్చేదాకా వాళ్ళకూ మనకూ కారమంటే మిరియమే. మన 'మిరపకాయ' మాటలోనూ ఆ మిరియమే దాగి ఉంది. చిన్న ఘాటు కాయను వాళ్ళు 'ప్రిక్ ఖీ నూ', ఎలుక పెంటిక మిరప అంటారు.

మా కౌలు రైతు ఆ వరుసలో ఒక బస్తా ముందు ఆగాడు. ఒక కాయ తీసి, తొడిమ విరిచి, గింజ గోటితో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "తేజా" అన్నాడు. గుమస్తా కూడా చూసి, "మీడియం బెస్ట్. డీలక్స్ కాదు" అన్నాడు. పక్క బస్తాలో తాలు కాయ తేలికగా కనిపిస్తోంది. అది కూడా మనదేనేమో, అడగలేదు.

అమ్మే ఆమె హిజాబ్ ధరించిన యాభై ఏళ్ళ మనిషి. "ఇండియా, ఇండియా" అని బస్తా తట్టింది. రైతు గుండె మీద చేయి పెట్టుకుని, తర్వాత ఆ కాయ చూపించి, మళ్ళీ గుండె మీద చేయి పెట్టాడు. ఆమెకు అర్థమైంది. కాలిక్యులేటర్ తీసి ధర నొక్కింది. అది కొనేవాళ్ళకు చూపించే ధర. మావాడు ఆ అంకెను బాట్ల నుంచి రూపాయల్లోకి మార్చి, కిలో నుంచి క్వింటాలు చేసి, చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఎంతొచ్చిందో మాకు చెప్పలేదు. ఓడ ఖర్చు, సుంకం, నడుమ వాళ్ళ లాభం అన్నీ పోను అని గుమస్తా ఏదో చెప్పబోతే, "తెలుసులే" అన్నాడు.

ఆమె ఇంకో మాట కూడా చెప్పింది, సైగలతోనే. పిడికెడు కాయ ఒక పళ్ళెంలో పోసి దులిపితే అడుగున ఇసుక మిగిలింది. అది చూపించి చెయ్యి తిప్పింది. కళ్ళంలో నేల మీద ఆరబోసిన కాయకు మట్టి అంటక ఏమవుతుంది? చెమ్మ తగిలితే బూజు, బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం. ఎగుమతి సరుకును వెనక్కి తిప్పేది ఎక్కువగా అదే. పరదా పట్టాల మీద ఆరబెట్టమని లాం ఫారం వాళ్ళు ఏళ్ళుగా చెబుతున్నారు. పట్టాల ఖర్చు కౌలు రైతు నెత్తిన పడుతుంది, వచ్చే ధరలో మాత్రం తేడా కనిపించదు. మావాడు ఆ పళ్ళెం వంకే చూస్తుండిపోయాడు.

రాత్రికి ఫెట్చబురి రోడ్డులో సోయి 7 అనే సందుకు వెళ్ళాం. దారుల్ అమాన్ మస్జిద్ ఉన్న సందు, రెండు పక్కలా హలాల్ హోటళ్ళు. 'ఖావ్ మొక్ కై' తెప్పించాం. పసుపు వేసిన అన్నంలో కోడి, పక్కన కీరా ముక్కలు, పుల్లటి పచ్చ చట్నీ. మన బిర్యానీకి పేదింటి మేనకోడలనిపించింది, కానీ ఆకలి మీద ఉన్నాం. మూడు రోజులుగా ఊరి రొట్టెలతోనే కాలం గడిపిన మా రైతు ఆ రాత్రి మొదటిసారి అక్కడి పళ్ళెం ముందుకు లాక్కున్నాడు. బల్ల మీది కారం గిన్నె మూత తీసి, వాసన చూసి, రెండు చెంచాలు అన్నం మీద వేసుకున్నాడు. చక్కెర గిన్నెను మాత్రం దూరంగా జరిపాడు.

ఊరికొచ్చిన వారానికి ఏసీలోంచి ముప్పై టిక్కీలు తీసి యార్డుకు తోలాడు. వచ్చిన డబ్బులో కొంత పెట్టి చిలకలూరిపేటలో నాలుగు పరదా పట్టాలు కొన్నాడు. మిగతా ముప్పై టిక్కీలు ఇంకా అక్కడే ఉన్నాయి.